పాలెగాడిని బయటికి రప్పించడానికి పదకొండు నెలలు

తిరుపతిలో తిలక్ రోడ్డుకు దగ్గరగా ఒక సందులో నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షలు, పెళ్ళివారి స్వాగతాలు, కన్నీటి నివాళులు, చేతులు జోడించిన నాయకుల నిలువెత్తు బొమ్మలు, అన్నీ మా యంత్రంలోంచే జారి పడతాయి. ఫ్లెక్సీలు రాకముందు కుంచె పట్టి బోర్డులు రాసేవాడిని. కుంచె పోయింది గానీ అక్షరం మీద మోజు పోలేదు. నేను రచయితను కానని ముందే ఒప్పుకుంటున్నాను. అలాంటివాడు మా ఊరి గ్రామదేవత గంగమ్మ కథను ఈ కాలపు తిరుపతిలోకి తెచ్చి బొమ్మల పుస్తకం వేస్తానంటే “ఉన్న పని చాలదా?” అని అడగనివాళ్ళు లేరు. అందరికంటే ముందు అడిగింది మా ఆవిడే.

ఈ పురుగును నా బుర్రలోకి ఎక్కించింది మా మేనకోడలు. బొమ్మలు వేయడం చదువుకుంది. సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా పలకలాంటి తెర ఒకటి ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంటుంది. జాతర చాటింపు వేసిన రాత్రి అన్నం తింటూ మొదలుపెట్టింది.

“మామయ్యా, చైనావాళ్ళ పాత కథలో ఒక కోతి రాజు ఉన్నాడు. వాడినే తోక ఉన్న పిల్లవాడిగా మార్చి 1984లో జపాన్‌లో డ్రాగన్ బాల్ మొదలుపెట్టారు. ఉత్తర ఐరోపావాళ్ళ ఉరుముల దేవుడు థోర్‌ను అమెరికావాళ్ళు 1962లోనే కామిక్‌లోకి దింపి ఊళ్ళో తిప్పారు. మన గంగమ్మ వాళ్ళకంటే ఏమి తక్కువ? వారం రోజులకు సరిపడా వేషాలు ఉన్నాయి ఆమెకు!”

నేను చందమామ చదివి పెరిగినవాడిని. అందులో కథ నడుస్తుంటే బొమ్మ పక్కన మర్యాదగా నిలబడి చూస్తుంది. తర్వాత అమర్ చిత్ర కథలు వచ్చాయి, బొమ్మే కథను మోసింది, కానీ దేవుళ్ళు కిరీటాలు తీసింది లేదు. కిరీటం లేని అమ్మవారు కొర్లగుంటలోనో లీలామహల్ కూడలిలోనో తిరుగుతుంటే ఎలా ఉంటుందో నేను ఎన్నడూ ఊహించలేదు. ఊహించాక నిద్ర పట్టలేదు.

తిరుపతివాళ్ళకు కథ చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతాను. ఈ ప్రాంతాన్ని ఒక పాలెగాడు ఏలేవాడట. కొత్తగా పెళ్ళైన ఆడపిల్ల ఎవరైనా ముందు తన గడప తొక్కాలన్నది వాడి శాసనం. అవిలాలలో పుట్టి కైకాల వారింట పెరిగిన గంగమ్మ మీద వాడి కన్ను పడింది. చేయి పట్టుకున్నాడు. ఆమె తన నిజరూపం చూపేసరికి పారిపోయి ఎక్కడో దాక్కున్నాడు. అప్పటినుంచి ఆమె రోజుకొక వేషంలో వాడిని వెతికింది. బైరాగి, బండ, ఊరు ఊడ్చే తోటి, దొర. దొర వేషంలో ఉండగా వాడు బయటికి వచ్చాడు, తల తెగింది. ఆ తర్వాత మాతంగి, సున్నపు కుండలు, చివరికి విశ్వరూపం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఏటా మే నెలలో కైకాల వంశస్థులు ఈ వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. వాళ్ళతోపాటు ఊరూ కడుతుంది. బైరాగికి ఒళ్ళంతా తెల్లటి నామకొమ్ము, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం. మొక్కు ఉన్న మగవాళ్ళు చీరలు కడతారు.

నేనూ కట్టాను. ఎనిమిదేళ్ళప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక మా అమ్మ మొక్కుకుంది. మా పిన్ని పట్టుచీర నడుముకు మూడు చుట్లు చుట్టినా మిగిలింది. మిగిలినదాన్ని మడతలు పెట్టి మొలతాడులో దోపారు. రవికె వెనక ఏడు పిన్నీసులు. సవరం బరువుకు తల వెనక్కు లాగేది. గుడి దగ్గర ఒక ముసలావిడ నా గడ్డం పట్టుకుని “చల్లగా చూడు తల్లీ” అని నాకే దండం పెట్టింది. నవ్వు రాలేదు, భయం వేసింది. నలభై ఏళ్ళ తర్వాత కథ రాయడానికి కూర్చుంటే ముందుగా గుర్తొచ్చింది ఆ చేతి వేడి.

పనిలో మొదటి పాఠం నా రాతకే తగిలింది. నేను రాసిచ్చిన మొదటి పేజీలో నాలుగు ఫ్రేములు, ఫ్రేముకు అయిదారు సంభాషణలు. మేనకోడలు మాట్లాడకుండా అన్నిటికీ బెలూన్లు గీసి చూపించింది. బెలూన్ల మధ్య గంగ ముక్కు, ఒక చెవి మాత్రమే కనిపించాయి. “మామయ్యా, ఆమె కోపంగా ఉందని మీరు రాస్తే నేనెందుకు?” అంది. అప్పటినుంచి ఫ్రేముకు పదిహేను మాటలకు మించకూడదని లెక్క పెట్టుకున్నాం. బోర్డులు రాసిన చేతికి ఈ లెక్క కష్టం కాలేదు. చిన్న బోర్డు మీద దుకాణం పేరు, యజమాని పేరు, వాళ్ళ నాన్న పేరు ఇరికించమనేవాళ్ళతో ఏళ్ళ తరబడి వాదించినవాడిని కదా.

పాడైన ఫ్లెక్సీ ఒకటి వెనక్కి తిప్పి గోడకు కొట్టి, దాని మీద 32 చిన్న గళ్ళు గీశాం. గడికొక పేజీ. ఏ పేజీలో ఏమి జరుగుతుందో అగ్గిపెట్టెంత బొమ్మలుగా వేసి కాగితం ముక్కల మీద అంటించింది. కథ నచ్చకపోతే ముక్క పీకి ఇంకో గడిలో అతికించడమే. పుస్తకం తయారీ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. పేజీ తిప్పినప్పుడు ఎదురయ్యే బొమ్మ ఎప్పుడూ ఎడమచేతి పేజీలో ఉండాలని, దాచుకున్న ఆశ్చర్యాన్ని అక్కడే పెట్టాలని ఆ గోడ దగ్గరే తెలిసింది. ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్ళు అక్కడే నిలబడి చూసి, “తర్వాత ఏమవుతుంది?” అని అడిగితే ఆ గడి బాగున్నట్టు. ఫోను తీసి చూసుకుంటే బాగాలేనట్టు.

వేషాలను ఈ కాలానికి మార్చడం తేలికని మొదట అనుకున్నాం. బైరాగి నిజంగానే తేలిక. తిరుపతిలో బైరాగిని మార్చాల్సిన పని ఏముంది? రైల్వే స్టేషన్ ముందు ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు. మా గంగ అతని పక్కన చాప పరచుకుని మూడు రోజులు కూర్చుంటుంది, వచ్చేపోయే కార్ల నంబర్లు చూస్తుంది. ఎవరూ ఆమెను చూడరు. ఆ నాలుగు పేజీలలో తెలుపే ఎక్కువ.

బండ వేషం దగ్గర ఆగిపోయాం. ఆ రోజు జాతరలో జనం అమ్మవారిని బూతులు తిడతారు, అది ఆచారం. పిల్లలు కూడా చదివే పుస్తకంలో ఏమని రాయాలి? నేను చుక్కలు పెడదామన్నాను. మేనకోడలు ఇంగ్లిషు కామిక్కుల్లో వేసే పిచ్చిగీతలు వేసి చూసింది, మనది కానట్టు ఉంది. వారం తర్వాత ఒక పేజీ తెచ్చింది. పాలెగాడి మీద ఫిర్యాదు చేసిన గంగను ఫోన్లలో అందరూ తిడుతున్నారు. ఒక్కో ఫోను నుంచి ఒక్కో బెలూన్ లేస్తుంది, అన్నీ ఖాళీ. మొదటి ఫ్రేములో రెండు, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని. చివరి ఫ్రేములో పేజీ అంతా ఖాళీ బెలూన్లే, వాటి సందులో కుంకుమ అద్దిన ఒక కన్ను. ఆ కన్ను నవ్వుతోంది. నేను రాసిన మాటలన్నీ కొట్టేశాను. ఆ పేజీ చూసిన ప్రతి ఆడమనిషీ ఖాళీ బెలూన్లను తనంతట తాను చదువుకుంది, నేను కళ్ళారా చూశాను.

తోటి వేషానికి బొగ్గు పూసిన ముఖం గీయడానికి ఆమె ఒప్పుకోలేదు. ఒకరి పనిని రంగుగా పూసుకుని చూపించడం తనకు ఇష్టం లేదంది. నేను ఆచారం అన్నాను, వాదించాను, ఓడిపోయాను. చివరికి తెల్లవారుజామున నాలుగింటికి వీధి ఊడ్చే మనిషిగా గీసింది. బొగ్గు నలుపు ముఖానికి బదులు రాత్రికి వచ్చింది. పేజీ నిండా నలుపు, చొక్కా మీద మెరిసే రెండు పట్టీలు, చీపురు. పాలెగాడి ఇంటి చెత్తబుట్టలో ఏమేమి దొరుకుతాయో ఆమెకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

మధ్యలో ఒకసారి శ్రీకాళహస్తి వెళ్ళాం. పేజీలో ఫ్రేములు ఎలా అమర్చాలో తోచక తిరగని చోటు లేదని మేనకోడలు అంటుంటే, “కలంకారీ చూశావా?” అని అడిగాను. అచ్చు అద్దే రకం కాదు, కలంతో గీసే కాళహస్తి పని. ఒక ఇంట్లో గోడంత రామాయణం గుడ్డ పరిచి చూపించారు. నడుమ పట్టాభిషేకం పెద్ద గడిలో ఉంది. చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్ళు, వరసకు పైన పట్టీలో తెలుగులో కథ. మేనకోడలు నేల మీద కూర్చుండిపోయింది. కామిక్ నేర్చుకోవడానికి ఆమె జపాన్ దాకా వెళ్ళింది. 40 కిలోమీటర్లు కూడా లేని ఊళ్ళో అది గుడ్డ మీద ఆరేసి ఉంది.

ఆ ఇంటి పెద్దాయన పని ఆపకుండానే మాట్లాడారు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెడతారు, లేకపోతే సిరా పాకిపోతుంది. ముందు చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీత. ఆ తర్వాత నలుపు కసీం, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసింది. కలం అంటే వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించినది. ఉన్నిని వేళ్ళతో నొక్కుతుంటే సిరా మొనలోకి దిగుతుంది. ఆయన ఒక కనుబొమ్మను పెట్టిన చేయి ఎత్తకుండా గీశారు. కసీం మొదట లేత గోధుమరంగులో కనిపించింది, మేము చూస్తుండగానే నల్లబడింది. కరక్కాయ పట్టిన గుడ్డతో కలిస్తే అంతేనట. “తప్పు గీస్తే ఎలా చెరుపుతారు?” అని అడిగింది మా పిల్ల. “చెరపము అమ్మా, దాన్నే కొమ్మగానో ఆకుగానో మారుస్తాము” అన్నారు. తిరుగు బస్సులో ఆమె తన తెర మీద వెనక్కి పోయే బొత్తాన్ని చూసి నవ్వుకుంది. మా పుస్తకంలో ప్రతి వేషం మొదటి పేజీకి నడుమ పెద్ద గడి, చుట్టూ చిన్న గళ్ళు వచ్చింది ఆ గుడ్డ నుంచే.

ఇక అక్షరాలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, నా సొంత పొలం కనుక.

ఇంగ్లిషు కామిక్కుల్లో అన్నీ పెద్దక్షరాలు, ఒకే ఎత్తు, వరసలు ఇటుకల్లా పేర్చవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. రెండు వరసల మధ్య చోటు తక్కువైతే పై వరస వత్తు కింది వరస గుడిని పొడుస్తుంది. అందుకే మన బెలూన్ ఎప్పుడూ కొంచెం లావుగా ఉండాలి. పెద్దక్షరాలు లేవు కనుక అరుపును అరుపులా చూపించడానికి ఇంకో దారి వెతకాలి. దానికి తోడు కంప్యూటర్ పేచీ. బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు అతికిస్తే “స్త్రీ” మూడు ముక్కలై, పొల్లులు నిలువునా నిలబడి కనిపించింది. దక్షిణాసియా లిపుల కోసం అమరికల్లో వేరే మీట ఒకటి ఉంటుంది, దాన్ని మార్చితే వత్తులు వాటి చోట్లకు దిగుతాయి. ఆ మీట దొరకడానికి నాకు రెండు రోజులు, మూడు ఫోన్లు పట్టాయి. దొరికాక కూడా పుస్తకంలో ఉన్నవి ఆ అక్షరాలు కావు. అచ్చు ఫాంటులో గంగ మాట్లాడుతుంటే బ్యాంకు నోటీసు చదువుతున్నట్టు ఉంది. అటక మీద నుంచి కుంచెలు దించాను.

చేత్తో రాస్తే ఏమవుతుందో చూడండి. పెళ్ళి పందిట్లో పాలెగాడు చేయి పట్టుకున్నప్పుడు తల్లి “గంగమ్మా” అని అరుస్తుంది. ఆ చివరి దీర్ఘాన్ని బెలూన్ దాటించి, ఫ్రేము గీత దాటించి, పక్క ఫ్రేములో పాలెగాడి మణికట్టు దాకా లాగాను. మేనకోడలు ఆ రోజు మొదటిసారి “మామయ్యా, ఇది నాకు రాదు” అంది. ఆ మాట నేను ఇంకా ఖర్చు పెట్టలేదు.

చప్పుళ్ళ విషయంలో మనకు కొదవేమీ లేదు. మువ్వలు గలగల, రేకు దబదబ, వాన చిటపట, పాత తలుపు కిర్రు, నూనెలో వేసిన వడ సుయ్యిమంటుంది. ఇన్ని ఉండగా తెలుగు బొమ్మల కథల్లో “ఢాం” తప్ప ఇంకేమీ వినపడకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. దొర వేషం.

మా మొదటి రాతలో గంగ దొరగా కాక పోలీసు అధికారిగా వస్తుంది. జీపు, టోపీ, నల్ల కళ్ళద్దాలు. పాలెగాడి ఇంటి మీదికి వెళుతుంది, పట్టుకుంటుంది. 19వ గడి నుంచి 24వ గడి దాకా గోడ మీద అంటించాం. వచ్చినవాళ్ళు ఆ గళ్ళ దగ్గర ఫోన్లు తీస్తున్నారు. ఎక్కడో చెడిందని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు.

మా దుకాణానికి ఫ్లెక్సీల చట్రాలు కొట్టే వడ్రంగి పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటాయి. ఏటా జాతరకు వేషం కడతారు. మేకులు నోట్లో పెట్టుకుని గోడ వైపు చాలాసేపు చూశారు. మేకులు తీసి అన్నారు.

“పోలీసును చూస్తే పాలెగాడు బయటికి వస్తాడా నాయనా? ఇంకో గది లోపలికి పోతాడు.”

“మరి ఎవరిని చూస్తే వస్తాడు?”

“కథలోనే ఉంది కదా. బైరాగిని చూసి రాలేదు, తోటిని చూసి రాలేదు. దొరను చూసి వచ్చాడు. తనకంటే పెద్దవాడు ఊళ్ళోకి వచ్చాడంటే ఎంత దాక్కున్నవాడైనా దండ పట్టుకుని పరుగెత్తుకొస్తాడు.”

చిన్నప్పటినుంచి ఏటా విన్న కథ. ఇది ఒక్కసారీ నా చెవికి తగల్లేదు. పైగా ఇరవై ఏళ్ళుగా నా బతుకుతెరువే అది. ఎవరో పెద్దమనిషి కొండకు వస్తున్నాడంటే రాత్రి పదకొండింటికి నా దుకాణం తలుపు కొట్టేది ఎవరు? ఆరు నెలలుగా వీధిలో కనపడనివాడు, అప్పులవాళ్ళకు దొరకనివాడు, కేసులో పేరున్నవాడు, “అన్నా, నా బొమ్మ సార్ పక్కన రావాలి, సార్ కంటే కొంచెం చిన్నగా” అని నిలబడతాడు. ఈ ఊరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, తర్వాత చిత్తూరు జిల్లా అయింది, 2022 నుంచి తానే ఒక జిల్లా. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా పాలెగాడి అలవాటు మారలేదు.

ఆరు గళ్ళూ పీకేశాం. గంగ దొర అయింది. ఎక్కడి నుంచో వచ్చిన పెద్ద పెట్టుబడిదారు, గంధపు రంగు కోటు, తెరలు వేసిన కారు. దొర వేషానికి వేసే నిమ్మకాయల దండను కారు ముందు కట్టింది మేనకోడలు. తిరుపతి కారుకు అది లేకపోతేనే అనుమానం. “జాతరలో మగవాళ్ళు చీర కడతారు, అమ్మవారు కోటు వేస్తుంది, లెక్క సరిపోయింది మామయ్యా” అంది. అప్పటిదాకా పుస్తకంలో పాలెగాడి ముఖం ఎక్కడా లేదు. ఉంగరాల చేయి, చెప్పులు, గోడ మీద నీడ, అంతే. ముఖం గీస్తే ఊళ్ళో ఎవరో ఒకరు తనదేననుకుంటారని నాకు భయం కూడా ఉంది, దాచడమెందుకు. ముఖం మొదట కనిపించేది మనిషిలో కాదు, ఫ్లెక్సీలో. దొరకు స్వాగతం చెబుతూ రాత్రికి రాత్రి కట్టించిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ.

ఈ కాలపు కథలో తల నరకడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. శాలువా పట్టుకుని వంగిన పాలెగాడి మణికట్టును దొర పట్టుకుంటుంది. పెళ్ళి పందిట్లో వాడు పట్టుకున్న పట్టే, అదే కోణంలో గీసింది. కోటు లోపలి నుంచి గాజులు గలగలమంటాయి. వాడు తల ఎత్తి చూస్తే వెనక స్టేషన్ ముందు చాప, వీధి చీపురు, కుంకుమ కన్ను, ఊళ్ళో వాడి పేరు చెప్పడానికి భయపడిన ఆడవాళ్ళందరూ. పేజీ తిప్పితే రెండు పేజీల నిండా ఒకే బొమ్మ. మా దుకాణంలో ఫ్లెక్సీలు కోసే బ్లేడు పట్టుకుని గంగ చట్రం ఎక్కి ఉంది. మెడ దగ్గర అడ్డంగా కోసింది. తల ముందుకు వాలి, గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ “టపటప” రాయడానికి నేను అసలు ఫ్లెక్సీ ఒకటి మేడ మీద కట్టి, కోసి, విన్నాను. చెప్పకూడదు గానీ ఆ ఫ్లెక్సీ డబ్బులు ఇవ్వకుండా వెళ్ళిపోయిన ఒకాయనది.

అచ్చు సంగతి గబగబా చెప్పేస్తాను, తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. పదహారు పేజీలు ఒక ఫారం, మావి రెండు ఫారాలు, నడుమ రెండు పిన్నులు. తెర మీద చక్కగా ఉన్న గంధం రంగు నాలుగు సిరాల్లోకి మారేసరికి కుళ్ళిన ఆవపిండిలా వచ్చింది. నలుపు తగ్గించి పసుపు పెంచి మూడుసార్లు ప్రూఫు తీయించాం. ఆ తర్వాత ప్రెస్సువాళ్ళు రెండో ఫారం మడత తిరగేశారు. 18వ పేజీ తర్వాత 23వ పేజీ. పాలెగాడి తల ముందే వాలిపోయి, తర్వాత వాడే దండ పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. 500 ప్రతుల్లో 140 అలా ఉన్నాయి. తప్పు మాది కాదన్నారు, తర్వాత సగం మాదన్నారు, చివరికి పిన్నులు విప్పి మళ్ళీ మడిచి ఇచ్చారు. మొత్తం 21,000 రూపాయలు అయింది. వెల 60 రూపాయలు పెట్టాం.

తర్వాతి ఏడు జాతరకు దుకాణం ముందు బల్ల వేశాను. వారంలో 212 అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళలో సగం మంది పిల్లల కోసమన్నారు, పిల్లలు పక్కన లేరు. ఒకాయన మాత్రం అమ్మవారికి కోటు వేస్తారా అని గట్టిగానే కోప్పడ్డారు. నేను నోరు తెరిచేలోపే వడ్రంగి పెద్దాయన, “దొరకు కోటు కాక లంగా వేస్తారా?” అన్నారు. ఆయన అప్పటికి గంధం పూసుకుని, వేపమండలు కట్టుకుని ఉన్నారు. అంతటి దొరతో వాదన ఎవరు పెట్టుకుంటారు?

నన్ను మళ్ళీ పనిలోకి దించింది మాత్రం ఎదురుగా మల్లెపూలు అమ్మే అక్క. చదవడం రాదు, కూతురు చదివి వినిపించింది. మర్నాడు బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం చివరి పేజీ తెరిచి పట్టుకుంది.

“అయిపోయిందా అన్నా?”

“అయిపోయింది అక్కా. పాలెగాడి తల తెగింది కదా.”

“మరి వాడి పెళ్ళాం? మాతంగి ఏది?”

దొర వేషం మర్నాడు మాతంగి వేషం. పాలెగాడిని చంపాక అమ్మవారు వాడి ఇంటికి వెళ్ళి వాడి ఆడవాళ్ళను ఓదార్చిందని చెబుతారు. మా గోడ మీద మాతంగికి ఒక గడి ఉండేది. తల తెగాక కథ ఎందుకు సాగదీయాలని నేనే పీకేశాను. మేనకోడలు అప్పుడే గొణిగింది, నేను వినిపించుకోలేదు.

మలి ముద్రణకు నాలుగు పేజీలు కలిపాం. పాలెగాడి ఇంటి గుమ్మం. లోపల ఎవరూ లేరు, శాలువాలు కుప్పగా పడి ఉన్నాయి. మెట్టు మీద వాడి భార్య. గంగ కోటు తీసేసి మామూలు నేత చీరలో వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది. నేను పదకొండు సంభాషణలు రాసిచ్చాను. న్యాయం గురించి, ఆడపుట్టుక గురించి, చాలా బాగా రాశానని అనుకున్నాను. మేనకోడలు పది కొట్టేసింది. పక్క గోడ దగ్గర కొళాయి కారుతున్న చప్పుడు మాత్రం మూడు పేజీలూ ఉంచింది. చివరి పేజీలో కొళాయి ఆగిపోయి ఉంది, ఒకే చిన్న బెలూన్, నా చేతి రాతలో అన్నిటికంటే సన్నని కుంచెతో: “అన్నం తిన్నావా అమ్మా?”

పుస్తకం ఇప్పుడు 36 పేజీలు. వెల 60 రూపాయలే ఉంచాం.